అంకితం వెంకట నరసింగరావుగారు

విశాఖపట్టణమున మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల పేరు మన జిల్లాలలో వినని చదువరి యుండడు. ఆ మూడక్షరములు ఎవరివో ఎరిగినవారు కొలదిమంది. ఎరిగినవారిలోను పెక్కురు ఆయనను దాతగా మాత్రమే తలంతురు. నరసింగరావుగారు దాతయగుటకు ముందు ముప్పదియారు సంవత్సరములపాటు ఆకాశమును కనిపెట్టి చూచిన ఖగోళశాస్త్రజ్ఞుడు.

వారి కథ వారి మామగారితో మొదలుపెట్టవలెను. గోడే వెంకట జగ్గారావుగారు విశాఖపట్టణపు జమీందారు వంశీయులు, 1817లో జన్మించిరి. యౌవనమున మద్రాసు వేధశాలకు పోయి, అచ్చటి అధికారియగు టేలరు దొరయొద్ద జ్యోతిర్గణితము నేర్చిరి. పదకొండు వేల నక్షత్రముల స్థానములను పట్టికగా కూర్చినవాడీ టేలరే. జగ్గారావుగారు స్వస్థలమునకు మరలివచ్చి, 1840 ప్రాంతమున డాబాతోటలో తమ సొంత ధనముతో వేధశాలను నిర్మించిరి. భోగములకు కొదువలేని ఇంట పుట్టి, రాత్రులు మేలుకొని చుక్కలను లెక్కించినవారు మన దేశమున ఎందరుందురు? 1856లో, నలువదియేండ్లు నిండకుండగనే వారు గతించిరి. వేధశాల దిక్కులేనిదయ్యెను.

ఆయన కుమార్తె అచ్చయ్యమ్మగారిని వివాహమాడినవారే నరసింగరావుగారు. వీరు 1827లో జన్మించిరి. మామగారు గతించునాటికి రెవెన్యూశాఖలో డిప్యూటీ కలెక్టరు. ఆ దినములలో హిందువున కా ఉద్యోగము లభించుట సామాన్యము కాదు. డిప్యూటీ కలెక్టరు జమాబందీకి వచ్చుచున్నాడనిన గ్రామమంతయు గుడారమునెదుట చేతులు కట్టుకొని నిలిచెడిది. జీతము, పరపతి, పైపదవులమీద ఆశ, సమస్తమును చేతిలోనున్న ముప్పది యేండ్లలోపు వయస్సున నరసింగరావుగారా కొలువును విడిచిరి. భార్యకు సంక్రమించిన ఎస్టేటును చూచుకొనుట ఒక కారణము. ఎస్టేటును చూచుటకు గుమాస్తాలు దొరకుదురు. వేధశాలను చూచుటకు దొరకరు. ఆ పని వారు స్వయముగా పూనిరి.

వేధశాల వలన ఊరికి కలుగు ప్రయోజనమేమని అడుగువా రెప్పుడును ఉందురు. వారికి సమాధానము ఓడలలో నున్నది. నడిసముద్రమున నావికునికి అక్షాంశము సూర్యుని యెత్తును బట్టి తెలియును. రేఖాంశము మాత్రము కాలమును బట్టియే తెలియవలెను. భూమి ఇరువదినాలుగు గంటలలో 360 భాగలు తిరుగును గనుక నాలుగు నిమిషముల భేదము ఒక భాగ యగును. ఓడలోని గడియారము నాలుగు సెకండ్లు తప్పినయెడల, మన తీరమున ఓడ సుమారు రెండు కిలోమీటర్లు ప్రక్కకు తప్పినట్లు. చీకటిరాత్రి గోదావరి ముఖద్వారముల ఇసుకతిన్నెలయొద్ద రెండు కిలోమీటర్లనిన ఏమో కోరంగి నావికుల సంతతికి చెప్పనక్కరలేదు. కావున రేవున ఓడ నిలిచినపుడు గడియారమును సరిచేసికొనవలెను. సరియైన కాలమును చెప్పునది నక్షత్రమే. ఎరిగిన నక్షత్రము యామ్యోత్తర రేఖను దాటు క్షణమును దూరదర్శినిలో పట్టి, దానితో వేధశాల గడియారమును సరిచూతురు. ఆ కాలమును రేవునకు తెలుపుటకై జగ్గారావుగారు డాల్ఫిన్స్ నోస్ కొండమీద ధ్వజస్తంభమును నెలకొల్పిరి. ఇది ఒకనాడు చేసి మానదగిన పని కాదు. మబ్బులేని ప్రతి రాత్రియు చేయవలసినది. గాలి, వాన, ఎండ లెక్కలును అట్టివే. పండితులు దీనిని వ్రతమందురేమో. లెక్కలు వ్రాయువారికి మాత్రము ఇది దినచిట్టా.

1868 ఆగష్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణము తెలుగుదేశము మీదుగా పోయెను. ఫ్రాన్సునుండి జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు గుంటూరునకును, మద్రాసు వేధశాలాధికారి పాగ్సను బందరునకును వచ్చిరి. పాగ్సనునకు సహాయకుడగు చింతామణి రఘునాథాచార్యులు వనపర్తికి పోయిరి. సంపూర్ణగ్రహణము గుంటూరున అయిదు నిమిషములకు పైగా నిలిచెను. అంతర్వేది సంగమమున జనులు గ్రహణస్నానము చేయుచుండ, వీరు సూర్యుని అంచున లేచు అగ్నిజ్వాలల వెలుగును పరీక్షించుచుండిరి. ఆ వెలుగున గోచరించిన పసుపుపచ్చని గీత యొక క్రొత్త మూలపదార్థమునకు గురుతని పిదప తేలినది. సూర్యుని పేరనే దానికి హీలియమని నామకరణము జరిగినది. భూమిమీద అది చేతికి చిక్కినది 1895లో. నరసింగరావుగారు ఈ గ్రహణమును విశాఖపట్టణమునుండి పరిశీలించి, తమ పరిశీలనను లండనునందలి రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి వ్రాసి పంపిరి. ఆ సొసైటీ వారిని తన సభ్యునిగా చేర్చుకొనెను.

వారి జీవితమున పెద్ద ఘట్టము 1874 డిసెంబరు 9వ తేది. ఆనాటి యుదయమున శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా నల్లని చుక్కవలె సాగిపోయెను. ఇది మిక్కిలి అరుదు. అంతకుముందు జరిగినది 1769లో. 1882లో మరల జరిగినను మన దేశమున కనబడలేదు. 2004, 2012 తరువాత ఇక 2117 వరకు లేదు. భూమిమీద దూరదూరముగానున్న స్థలములనుండి శుక్రుడు బింబమున ప్రవేశించిన క్షణమును, వెడలిన క్షణమును గుర్తించి పోల్చినచో సూర్యుని దూరము లెక్కకు వచ్చును. దేశదేశముల ప్రభుత్వములు అందులకై బృందములను దూరదేశములకు పంపినవి. విశాఖపట్టణమున నరసింగరావుగారు ఒక్కరు తమ ఖర్చుతో సిద్ధమైరి. కుక్ కంపెనీవారి ఆరంగుళముల దూరదర్శినిని సమకూర్చుకొనిరి. ఆ క్షణములను పట్టుట తేలిక కాదు. శుక్రుడు సూర్యుని అంచును విడుచునపుడు నల్లని బొట్టువలె సాగి, ఏది స్పర్శయో ఏది కాదో తెలియనీయడు. ఎల్లవారి గణనలును ఇందువలననే కొంత చెదరినవి. అయినను సూర్యుడు పదిహేనుకోట్ల కిలోమీటర్ల దూరమున నున్నాడన్న నేటి లెక్కకు మార్గము వేసినవి ఇట్టి పరిశీలనలే. వారి పరిశీలనయు సొసైటీ పత్రికలో చోటుచేసికొనెను.

మన సిద్ధాంతులు గణితము దృక్కుతో ఏకము కావలెనందురు. తిథులకై ఘర్షణపడు పంచాంగకర్తలు పెక్కురు. కన్నులెత్తి చూచినవారు తక్కువ. నరసింగరావుగారు రెండవ తెగవారు.

1892లో వారు పరమపదించిరి. అచ్చయ్యమ్మగారు తండ్రి కట్టించినదియు, భర్త కాపాడినదియు నగు వేధశాలను ప్రభుత్వమున కప్పగించిరి. కాలక్రమమున అది మాయమైనది; డాబా గార్డెన్సు నేడు రద్దీగల పేట. ఆ కుటుంబపు విరాళము అందుకొన్న విశాఖపట్టణ కళాశాల మాత్రము వారి పేర నిలిచినది. ఆ కళాశాలకు ఉపన్యాసకులై చంద్రశేఖరయ్యరు అనువారు తిరుచిరాపల్లి ప్రాంతమునుండి కుటుంబముతో వచ్చిరి. వారి కుమారుడు ఆ కళాశాలలోనే ఎఫ్.ఏ. చదివి మద్రాసునకు పోయెను. కాంతినిగూర్చిన పరిశోధనకు 1930లో నోబెల్ బహుమానమందిన చంద్రశేఖర వేంకట రామన్ ఆ బాలుడే.