ఔషధ ఋషి డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

చదువులో వెనుకబడిన బాలుడు లోకానికి వైద్యప్రదాత కాగలడనుటకు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితమే నిదర్శనం. 1895 జనవరి 12న భీమవరంలో వెంకమ్మ, జగన్నాథం దంపతులకు జన్మించిన ఆయన మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండు పర్యాయాలు తప్పారు. మూడవసారి మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి ఉత్తీర్ణులయ్యారు.

మద్రాసు వైద్యకళాశాలలో చదువుతూ, గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. సోదరులిద్దరు స్వల్ప వ్యవధిలో సంగ్రహణి వ్యాధికి బలికావడం ఆయన హృదయాన్ని కలచివేసింది. రోగాలకు మందు కనుగొనాలన్న పట్టుదల అక్కడే బలపడింది.

1923లో అమెరికా చేరి, ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేస్తూ హార్వర్డులో చదివారు. శరీరద్రవాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కేతో కలసి ప్రకటించారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరి, పరిశోధనా విభాగానికి సారథ్యం వహించారు. ఫోలిక్ ఆమ్లం, బోదకాలు నివారణకు హెట్రజాన్ ఆ కృషి ఫలాలే. సోదరులను బలిగొన్న సంగ్రహణికి ఫోలిక్ ఆమ్లం ఔషధమైంది. ఆయన నాయకత్వాన డగ్గర్ పండితుడు మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే ప్రథమం. ఆ ఔషధం లోకానికి వెల్లడైన 1948లోనే, ఆగస్టు నెలలో, 53 ఏళ్ల వయసున సుబ్బారావుగారు పరమపదించారు.

అంతటి తపస్సుతో లభించిన అస్త్రం నేడు మొద్దుబారుతున్నది. ఆరియోమైసిన్ కోళ్లను, పశువులను త్వరగా పెంచుతుందని తెలిసి, దానిని మేతలో కలిపారు. వైద్యుని సలహా లేకుండా మందులు వాడేవారు పెరిగారు. మందును తట్టుకున్న క్రిములు మాత్రమే బ్రతికి, వృద్ధిచెంది, మురుగుతో పాటు నీటిలో చేరాయి. అంతేకాదు, ఆ శక్తినిచ్చే జన్యువును అవి ఇతర జాతుల క్రిములకు సైతం అందించగలవు.

హైదరాబాదు సమీపాన పటాన్‌చెరులో ఔషధ కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధిచేసి వదలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నట్లు 2007లో వెల్లడైంది. ఢిల్లీలో పరీక్షించిన 50 కుళాయి నీటి నమూనాలలో రెండింట, ఎన్నో మందులను నిర్వీర్యం చేసే ఎన్.డి.ఎం.-1 జన్యువు కనబడినట్లు 2011లో ప్రకటించారు. ఇట్టి నీరు త్రాగినవారికి వెంటనే జబ్బు చేయకపోవచ్చు. క్రిములు ప్రేగులలో నిశ్శబ్దంగా నివసిస్తాయి. ఏనాడో శస్త్రచికిత్స జరిగినప్పుడో, మూత్రకోశానికి చీము పట్టినప్పుడో మందు పనిచేయక ప్రాణం మీదికి వస్తుంది.

కావున తల్లిదండ్రులారా, నీటిని మరగకాచి త్రాగించండి. మరగకాస్తే ఈ క్రిములూ నశిస్తాయి. ఇంటి తొట్టెలను, పాఠశాల ట్యాంకులను శుభ్రంగా ఉంచాలి. జలుబుకు ఈ మందులు పనికిరావు. వైద్యుడు వ్రాసిన మందును ఆయన చెప్పినన్ని రోజులే వాడాలి. మిగిలిన మాత్రలను మురుగుకాలువలో పారవేయరాదు. సుబ్బారావుగారు మనకిచ్చిన ఆస్తిని రానున్న తరాలకు చెక్కుచెదరకుండా అప్పగించడమే ఆ మహనీయునికి మనమర్పించగల నివాళి.