శ్రీనివాస రామానుజన్

శ్రీనివాస రామానుజన్ (1887 డిసెంబరు 22 - 1920 ఏప్రిల్ 26) సుప్రసిద్ధ భారతీయ గణిత శాస్త్రవేత్త. ఈరోడ్‌లో జన్మించాడు. గణితం తప్ప ఇతర విషయాలు పట్టించుకోక ఎఫ్.ఎ. పరీక్ష తప్పాడు. 1910లో నోటుపుస్తకాలతో నెల్లూరు వెళ్ళి, అప్పటి కలెక్టరు, గణితాభిమాని ఆర్.రామచంద్రరావును కలిశాడు. ఆయన నెలకు 25 రూపాయలిచ్చి ఆదుకొన్నాడు. 1914లో కేంబ్రిడ్జి చేరాడు.

ఒక సంఖ్యను ధన పూర్ణాంకాల మొత్తంగా ఎన్ని విధాలుగా రాయవచ్చన్నది విభజనల సమస్య. ఉదాహరణకు 4ను 5 విధాలుగా రాయవచ్చు. ఈ విభజనల సంఖ్యలు 5, 7, 11 ఘాతాలతో భాగింపబడే తీరుపై రామానుజన్ 1919లో ఒక ప్రతిపాదన చేశాడు. అతని వద్దనున్న మక్‌మాన్ పట్టిక 200 వరకే ఉంది. చిక్కు 243 వద్ద ఉంది. 1934లో, వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యుడుగా ఉన్న ఎస్.చౌలా, హంసరాజ్ గుప్తా పట్టికల ద్వారా దీనిని కనుగొన్నాడు. 243 విభజనల సంఖ్య 343తో భాగింపబడవలసి ఉండగా, 49తోనే భాగింపబడుతుంది. అయినా ప్రతిపాదన కొట్టివేయదగినది కాదు. 1938లో జి.ఎన్.వాట్సన్ 7కు సంబంధించిన భాగాన్ని సవరించి నిరూపించాడు. 11కు సంబంధించిన భాగాన్ని 1967లో ఎ.ఓ.ఎల్.ఆట్కిన్ నిరూపించాడు.