తూటా తగిలిన కాలు తెచ్చిన తొలి బంగారం

ఆసియా క్రీడల్లో మన దేశానికి మొట్టమొదటి స్వర్ణ పతకం తెచ్చిందెవరని పదిమందిని అడిగి చూడండి. హాకీ అంటారు, కుస్తీ అంటారు, పరుగు పందెం అనేవాళ్లూ ఉంటారు. ఈత అని చెప్పేవాళ్లు దొరకడం కష్టం. ఆ పతకం తెచ్చిన శచీంద్ర నాగ్, అందరూ పిలిచే పేరు సచిన్ నాగ్, ఒకప్పుడు కలకత్తా వీధుల్లో తెలియనివారు లేని మనిషి. అక్కడ పాతతరం వాళ్లు ఇప్పటికీ ఆయన పేరు గుర్తు చేసుకుంటారు.

1920 జులై 5న కాశీలో పుట్టారు. బెంగాలీ కుటుంబం. ఊరు మాత్రం బెంగాల్‌ది కాదు. కాశీలో మన తెలుగువాళ్ల సత్రాలు, ఆశ్రమాలు ఉన్నట్టే బెంగాలీలకూ తరతరాల నుంచి ఇళ్లూ వీధులూ ఉన్నాయి. ఇంట్లో ఒక భాష, గడప దాటితే ఇంకో భాష. ఆ బతుకు ఎలా ఉంటుందో సరిహద్దు జిల్లాల మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

పోలీసుల నుంచి పారిపోయి పందెంలో పడి...

ఆయన ఈత మొదలైన తీరే చిత్రం. 1930, ఉప్పు సత్యాగ్రహం నడుస్తున్న ఏడాది. గంగ ఒడ్డున ఉద్యమకారులు గుమిగూడితే పోలీసులు లాఠీలతో విరుచుకుపడ్డారు. జనం తలోదిక్కూ పరిగెత్తారు. పదేళ్ల సచిన్ మాత్రం ఘాట్ మీద నుంచి నేరుగా నదిలోకి దూకేశాడు. అప్పుడే గంగలో పది కిలోమీటర్ల ఈత పందెం జరుగుతోంది. దొరక్కుండా ఉండాలని ఈ కుర్రాడు ఆ ఈతగాళ్లలో కలిసిపోయాడు. ఈదుతూ ఈదుతూ చివరిదాకా వెళ్లాడు. తీరా చూస్తే మూడో స్థానం! ఆయన గురించి రాసిన వాళ్లంతా తప్పకుండా చెప్పే కథ ఇది. చెప్పగా చెప్పగా కాస్త మెరుగులు దిద్దుకుందేమో గానీ, ఆ తర్వాత కొన్నేళ్ల పాటు కాశీ చుట్టుపక్కల నది పందేల్లో ఆ కుర్రాడు వరసగా గెలిచిన మాట వాస్తవం.

అలా ఒక శిక్షకుడి కంట పడి కలకత్తా చేరారు. హాట్‌ఖోలా క్లబ్బులో సాధన. నది ఈత వేరు, కొలను ఈత వేరు. నదిలో ప్రవాహం సాయపడుతుంది, దమ్ము ఉంటే చాలు. కొలనులో వంద మీటర్ల పందెమంటే నిమిషం పని. దూకడంలో ఒక్క క్షణం తేడా వచ్చినా, గోడ దగ్గర తిరగడంలో తడబడినా అంతే సంగతులు. అది పట్టుబడటానికి ఆయనకు ఎన్నో ఏళ్లు పట్టలేదు. 1940లో వంద మీటర్ల ఫ్రీస్టైల్‌లో నెలకొల్పిన జాతీయ రికార్డు 31 ఏళ్ల పాటు చెక్కుచెదరలేదు.

అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు. ఈతగాడికి అసలైన వయసు. కానీ ఒలింపిక్స్ ఎక్కడ? రెండో ప్రపంచ యుద్ధం వచ్చి 1940 ఒలింపిక్స్ రద్దయ్యాయి. 1944వీ అంతే. ఒంట్లో సత్తా ఉన్న రెండుసార్లూ పోటీయే లేకుండా పోయింది. ఇలా ఎంతమంది ఆటగాళ్ల వయసు ఆ యుద్ధం మింగేసిందో లెక్క లేదు.

రెండేళ్లు నీళ్లు ముట్టొద్దన్నారు

1947 వచ్చింది. కలకత్తా అల్లర్లతో అట్టుడుకుతోంది. ఒకరోజు వీధిలో ఎక్కడి నుంచో వచ్చిన తూటా ఆయన కాలికి తగిలింది. ఆస్పత్రిలో చేర్చారు. ప్రాణం దక్కింది. మళ్లీ ఈదాలంటే రెండేళ్లయినా పడుతుందని డాక్టర్లు తేల్చేశారు.

ఈతగాడికి చేతులే ముఖ్యమని చాలామంది అనుకుంటారు. వంద మీటర్లలో కాళ్లు లేకపోతే పని కాదు. గట్టు మీద నుంచి దూకేటప్పుడు తన్నేది కాలే. అవతలి గోడ దగ్గర తిరిగి తన్నుకుని రావాల్సిందీ కాలే. మధ్యలో ఒంటిని నీటి మీద తేల్చి ఉంచేదీ ఆ కాళ్ల కదలికే. అలాంటి కాలికి తూటా తగిలింది. లండన్ ఒలింపిక్స్‌కి ఏడాదే గడువుంది.

డాక్టర్లు చెప్పిన రెండేళ్లు ఆగితే ఇరవై తొమ్మిదేళ్లు నిండిపోతాయి. ఆయన ఆగలేదు. నడక సరిపడగానే నీళ్లలోకి దిగి మళ్లీ సాధన మొదలుపెట్టారు. లండన్ వెళ్లడానికి ప్రభుత్వం ఇచ్చేది చాలదు, చేతిలో డబ్బు లేదు. చందాలు పోగు చేశారు. గాయకుడు హేమంత ముఖర్జీ, హిందీ పాటలతో మనకు తెలిసిన హేమంత్ కుమార్, ఇందుకోసం కచేరీ చేశారని చెబుతారు. మొత్తానికి 1948లో లండన్‌లో వంద మీటర్ల పందెంలో దిగారు. పతకం దరిదాపుల్లోకి కూడా వెళ్లలేదు. వాటర్ పోలోలో మాత్రం సత్తా చూపించారు. చిలీ మీద భారత్ 7-4తో గెలిస్తే అందులో నాలుగు గోల్స్ ఆయనవే.

ఢిల్లీలో ఆ మార్చి నెల

మొదటి ఆసియా క్రీడలు 1950లో జరగాల్సింది, ఏర్పాట్లు పూర్తికాక మరుసటి ఏడాదికి వాయిదా పడ్డాయి. 1951 మార్చి 4 నుంచి 11 వరకు ఢిల్లీలో జరిగాయి. పదకొండు దేశాలు వచ్చాయి. సచిన్ నాగ్‌కు అప్పటికి ముప్పై దాటింది. ఇరవై ఏళ్ల కుర్రాళ్లతో పోటీ. సింగపూర్ నుంచి వచ్చిన నియో చ్వీ కోక్ 400, 800, 1500 మీటర్లు, రిలే అన్నీ గెలుచుకుపోయాడు. అంతటివాడు ఉన్న పోటీల్లో వంద మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణం మాత్రం మన సచిన్‌కే దక్కింది. సమయం 1 నిమిషం 4.7 సెకన్లు. ఆసియా క్రీడల చరిత్రలో భారత్‌కు అదే తొలి స్వర్ణం. చూడటానికి వచ్చిన ప్రధాని నెహ్రూ స్వయంగా అభినందించారు. అవే క్రీడల్లో రెండు రిలేల్లో కాంస్యాలు కూడా వచ్చాయి.

ఉన్నమాట చెప్పుకోవాలి. 1948 లండన్‌లో ఇదే పందెం గెలిచిన అమెరికన్ వాల్టర్ రిస్ 57.3 సెకన్లలో ముగించాడు. అంటే ప్రపంచంతో పోలిస్తే మన స్వర్ణం ఏడు సెకన్లు వెనక. కానీ ఆ ఏడు సెకన్లలో రెండు ఒలింపిక్స్ రద్దు కావడం ఉంది, తూటా ఉంది, సరైన కొలనులు లేని దేశం ఉంది. అన్నట్టు, ఆ క్రీడల్లోనే మన ఫుట్‌బాల్ జట్టు ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. ఆ జట్టు కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన పేరు సినిమా వచ్చాక మళ్లీ వినిపించింది. సచిన్ నాగ్‌కు ఆ భాగ్యం కూడా కలగలేదు.

1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో వాటర్ పోలో జట్టులో ఆడారు. అదే ఒలింపిక్స్‌కు వెళ్లిన మన బృందంలో పదకొండేళ్ల బాలిక ఆరతి సాహా ఉంది. హాట్‌ఖోలా క్లబ్బులో చిన్నప్పుడే ఆ పిల్లలో ఈత ఉందని పసిగట్టి తీర్చిదిద్దింది సచిన్ నాగే. 1959 ఆగస్టులో ఇంగ్లిష్ చానల్ ఈదడానికి దిగి విఫలమైన ఆరతి, సెప్టెంబరు 29న మళ్లీ దిగి 16 గంటల 20 నిమిషాల్లో దాటేసింది. చానల్ ఈదిన తొలి ఆసియా మహిళ ఆమే. 1960లో పద్మశ్రీ ఇచ్చారు. శిష్యురాలికి పద్మశ్రీ వచ్చింది, సంతోషమే. గురువుకు? 1961లో మొదలైన అర్జున అవార్డు కూడా ఆయన గడప తొక్కలేదు.

1987 ఆగస్టు 19న సచిన్ నాగ్ కన్నుమూశారు. అంతకు ఏడాది ముందే, 1986 సియోల్ ఆసియా క్రీడల్లో, ఖజాన్ సింగ్ 200 మీటర్ల బటర్‌ఫ్లైలో రజతం గెలిచాడు. మధ్యలో 35 ఏళ్లు మనకు ఈతలో పతకమే లేదు. ఆ తర్వాత 2010లో వీర్‌ధవళ్ ఖాడే, 2014లో సందీప్ సెజ్వాల్ కాంస్యాలు తెచ్చారు. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ క్రీడల వరకు చూసినా ఈతలో మనకున్న స్వర్ణం 1951లో వచ్చిన ఆ ఒక్కటే.

తండ్రికి గుర్తింపు కోసం ఆయన కుమారుడు ఏళ్ల తరబడి అర్జీలు పెడుతూ వచ్చారు. చివరికి 2020లో కేంద్రం ధ్యాన్‌చంద్ అవార్డు ప్రకటించింది. చనిపోయిన 33 ఏళ్లకు, పుట్టిన సరిగ్గా వందో ఏట. అదే జాబితాలో మన విశాఖపట్నం బాక్సర్ ఎన్.ఉష పేరు కూడా ఉంది. ఆ ఏడాది కరోనా వల్ల రాష్ట్రపతి భవన్‌లో ఎప్పటిలా సభ జరగలేదు. ఆగస్టు 29న అవార్డులన్నీ తెర మీదే ఇచ్చారు.