ఏ.ఎం.రాజా: తొలిప్రేమకు గొంతు ఇచ్చాడు.. పదేళ్లకే మైక్‌కు దూరమయ్యాడు!

ప్రేమ పాటను గొంతెత్తి పాడక్కర్లేదు, చెవిలో చెప్పినట్టు పాడినా చాలని చూపించిన గాయకుడు ఏ.ఎం.రాజా. మిస్సమ్మ పాటలు ఇప్పటికీ ఫోన్లలో మోగుతూనే ఉన్నాయి. ఆ గొంతు వెనక కథ మాత్రం చాలామందికి తెలియదు.

రాజా 1929 జూలై 1న చిత్తూరు జిల్లా రామాపురంలో పుట్టారు. పసితనంలోనే తండ్రి పోయారు. మద్రాసు పచ్చయప్ప కాలేజీలో డిగ్రీ చేశారు. 1951లో జెమినీ వాసన్ తీసిన తమిళ సినిమా సంసారంతో ఛాన్స్ దొరికింది.

ఘంటసాల హవా నడుస్తున్న రోజుల్లో..

అప్పటికి తెలుగులో హీరో పాట అంటే ఘంటసాలే. అలాంటి టైమ్‌లో సాలూరి రాజేశ్వరరావు ఈ కుర్రాడి మెత్తటి గొంతును నమ్మారు. 1954లో విప్రనారాయణలో ఏఎన్నార్‌కు, 1955లో మిస్సమ్మలో ఎన్టీఆర్‌కు పాడించారు. రెండూ సూపర్ హిట్.

1952 తర్వాత ఆకాశవాణి సినిమా పాటల్ని పక్కన పెట్టేసింది. 1957లో వివిధ భారతి వచ్చేదాకా అదే పరిస్థితి. దాంతో అటు చిత్తూరులో అయినా, ఇటు కరీంనగర్, ఆదిలాబాద్‌లలో అయినా పాట కావాలంటే రేడియో సిలోన్ తిప్పాల్సిందే. ఆ తరం కుర్రకారుకు రాజా పాట అలా దగ్గరైంది.

పాటలోనే కాదు, లైఫ్‌లోనూ ప్రేమే

జిక్కి అసలు పేరు పి.జి.కృష్ణవేణి. 1943లో పంతులమ్మతో చిన్నపిల్లగానే సినిమాల్లోకి వచ్చారు. ఇద్దరూ కలిసి డ్యూయెట్లు పాడుతూ ప్రేమలో పడ్డారు, పెళ్లి చేసుకున్నారు.

1958లో శోభతో రాజా తెలుగులో సంగీత దర్శకుడయ్యారు. 1959లో తమిళ కల్యాణ పరిసు, మరుసటి ఏడాది దాని తెలుగు రూపం పెళ్లికానుక. ఒకే మనిషిని ప్రేమించిన అక్కాచెల్లెళ్ల కథ అది. పాటలు ఊరూరా మార్మోగాయి.

రాజీ పడని మనిషి

ఇక తిరుగులేదు అనుకునేలోపే సీన్ మారింది. పని విషయంలో రాజా పట్టిన పట్టు వదిలేవారు కాదు. మాట పట్టింపులొచ్చాయి. ఛాన్సులు తగ్గాయి. తమిళంలో జెమినీ గణేశన్‌కు పి.బి.శ్రీనివాస్ గొంతు స్థిరపడిపోయింది. 70ల్లో రాజా మళ్లీ కొన్ని పాటలు పాడినా పాత రోజులు తిరిగి రాలేదు.

1989 ఏప్రిల్‌లో కచేరీకి రైల్లో వెళ్తూ తమిళనాడులోని వళ్లియూరు స్టేషన్‌లో దిగారు. కదులుతున్న రైలు ఎక్కబోయి జారిపడి చనిపోయారు. అప్పటికి ఆయనకు 59 ఏళ్లు.

జిక్కి మాత్రం పాట ఆపలేదు. 1991లో ఆదిత్య 369లో బాలు, శైలజలతో కలిసి పాడారు. 2004 ఆగస్టు 16న ఆమె కూడా కన్నుమూశారు.

రాజా జోరుగా పాడింది పదేళ్లు, అదీ పాతికా ముప్పై ఏళ్ల వయసులో. అందుకే ముసలి గొంతుతో పాడిన రాజాను తెలుగువాళ్లు దాదాపు వినలేదు. మిస్సమ్మ విని ప్రేమించుకున్నవాళ్లకు మనవలు పుట్టేశారు. ఆ గొంతుకు మాత్రం ఇంకా పాతికేళ్లే.