సావిత్రీబాయి ఖానోల్కర్

సైనికుని వక్షఃస్థలము మీద వ్రేలాడు పతకము చూచువారికి చిన్న లోహపు బిళ్లగా కనిపించును. అంగడిలో తూచి వెలకట్టినచో దానికి వచ్చు ధర స్వల్పము. కాని దానిని పొందుటకు ఎందఱో వీరులు తమ ప్రాణములనే వెలగా ఇచ్చిరి. మన దేశమున యుద్ధవీరులకు ఒసగు పతకములలో అన్నిటికంటె గొప్పది పరమవీర చక్రము. దానికి రూపము కల్పించినది యుద్ధభూమిని ఎఱిగిన సేనాని కాదు. ఒక సైనికాధికారి భార్య. ఆమె ఈ దేశమున పుట్టినదియు కాదు.

స్విట్జర్లాండు దేశములోని నొషాటెల్ పట్టణమున 1913 జూలై 20వ తేదీన ఆమె జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఈవ్ ఇవోన్. తండ్రి హంగేరీ దేశీయుడు, జెనీవా విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. తల్లి రష్యా దేశీయురాలు. ఆ బాలిక బాల్యము జెనీవా నగరమున గడచెను. విద్వాంసుని ఇంట పెరుగుటచే ఆమెకు చిన్ననాటనే గ్రంథపఠనమునందు ఆసక్తి కలిగెను. భారతదేశమును గూర్చిన పుస్తకములు ఆమె మనస్సును మిక్కిలి ఆకర్షించెను.

1929 ప్రాంతమున విక్రమ్ ఖానోల్కర్ అను మహారాష్ట్ర యువకుడు ఇంగ్లండులోని సాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలలో శిక్షణ పొందుచుండెను. సెలవు దినములలో అతడు ఐరోపా ఖండమున పర్యటించుచుండగా వారిరువురకు పరిచయమేర్పడెను. ఆ పరిచయము ప్రేమగా పరిణమించెను. కుమార్తెను అంత దూరదేశమునకు పంపుటకు తండ్రి మొదట అంగీకరింపలేదు. అయినను ఆమె తన నిశ్చయమును విడువలేదు. కొన్ని సంవత్సరముల పిమ్మట ఓడనెక్కి సముద్రములు దాటి భారతదేశమునకు వచ్చి, 1932లో విక్రమ్‌ను వివాహమాడెను. హిందూమతమును స్వీకరించి సావిత్రి అను పేరు ధరించెను. యముని వెంట నడచి భర్త ప్రాణములను తిరిగి తెచ్చుకొన్న పతివ్రత పేరది. సైనికుని చేపట్టిన స్త్రీకి అంతకంటె తగిన పేరు వేఱొకటి ఉండునా?

నాటి విదేశీయులలో చాలమంది ఈ దేశమున ఎన్ని యేండ్లు గడపినను ఇచ్చటి ప్రజల బ్రతుకునకు దూరముగనే యుండెడివారు. సావిత్రీబాయి అట్లు చేయలేదు. ఆమె చీర కట్టెను, శాకాహారిణియయ్యెను, మరాఠీ, హిందీ భాషలలో ధారాళముగా మాటలాడ నేర్చెను. సంస్కృతము నభ్యసించి వేదాంతమును, పురాణములను శ్రద్ధతో చదివెను. సంగీతము, నాట్యము, చిత్రలేఖనము కూడ నేర్చుకొనెను. భర్తకు బదిలీ అయినప్పుడెల్ల ఊరూరికి కాపురము మార్చుచునే ఆమె ఈ విద్యలన్నిటిని ఆర్జించెను. తాను పొరపాటున ఐరోపాలో పుట్టితినే కాని తన ఆత్మ భారతీయమైనదని ఆమె చెప్పుచుండెడిది.

1947 ఆగస్టు 15న దేశమునకు స్వాతంత్ర్యము వచ్చెను. కొలది నెలలకే కాశ్మీరమున యుద్ధము చెలరేగెను. మన సైనికులు అసమాన శౌర్యము చూపిరి. వారిని ఏ పతకముతో సత్కరింపవలెను? అంతవఱకు మన వీరుల యెదలమీద మెఱసినవి విక్టోరియా క్రాసు మొదలగు బ్రిటిషు పతకములు. వానిపైన ఉన్నది పరాయి రాజుల కిరీటము. స్వతంత్ర దేశమునకు స్వంత పతకములు కావలసియుండెను. ఈ భారము సైన్యమున ఉన్నతపదవిలోనున్న మేజర్ జనరల్ హీరాలాల్ అటల్ మీద పడెను. సావిత్రీబాయి పాండిత్యమును, చిత్రకళను ఎఱిగిన అటల్ ఆ పతకములకు రూపకల్పన చేయుమని ఆమెను కోరెను.

ఆమె మనస్సు పురాణములవైపు మరలెను. వృత్రాసురుని చేత ఓడిన దేవతలు దధీచి మహర్షి నాశ్రయించిరి. ఆ మహర్షి యెముకలతో చేసిన ఆయుధమునకు తప్ప ఆ రాక్షసుడు చావడు. దధీచి సందేహింపక లోకహితము కొఱకు తన దేహమును త్యజించెను. ఆ యెముకలతోనే ఇంద్రుని వజ్రాయుధము సిద్ధమయ్యెను. పరులకొఱకు తన శరీరము నర్పించువాడే పరమవీరుడని సావిత్రీబాయి తలచెను. ఆ భావమునే ఆమె లోహమున నిలిపెను.

పరమవీర చక్రము గుండ్రని కంచుబిళ్ల. దాని వ్యాసము 35 మిల్లీమీటర్లు. నడుమ మన రాజముద్ర, దాని చుట్టును నాలుగు వజ్రాయుధముల ప్రతిమలు ఉండును. వెనుకవైపున హిందీలోను ఇంగ్లీషులోను పతకము పేరును, రెండు తామరపూలును చెక్కబడియుండును. అది వ్రేలాడు పట్టీ ఊదారంగుది. మహావీర చక్రము, వీర చక్రము వెండివి. వానికంటె గొప్పదైన ఈ పతకము మాత్రము కంచుది. గౌరవము లోహమునందు లేదని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనమేల? 1950 జనవరి 26వ తేదీన ఈ మూడు పతకములు నెలకొల్పబడెను. 1947 ఆగస్టు 15 నుండి చూపిన పరాక్రమమునకును ఇవి వర్తించునని ప్రభుత్వము నిర్ణయించెను. 1952లో ఏర్పడిన అశోక చక్రమునకు కూడ రూపమిచ్చినది సావిత్రీబాయియే.

పతకమును ధరించుటకు కొన్ని మర్యాదలు కలవు. సైనికుని ఇల్లాలు వానిని తెలిసికొనియుండుట మంచిది. తాను గెలిచిన పతకమును సైనికుడు ఎడమ రొమ్మున ధరించును. పెక్కు పతకములున్నచో ఎక్కువ గౌరవము గలది వక్షఃస్థలము నడుమకు దగ్గరగా ఉండవలెను. తక్కినవి వరుస తప్పక దాని ప్రక్కన నిలువవలెను. ఉత్సవ సమయములందు నిండు పతకములను, మామూలు దినములందు రంగుపట్టీలను మాత్రమే ధరింతురు. అందముకొఱకు ఈ వరుసను మార్చరాదు. పొందని పతకమును తగిలించుకొనరాదు. భుజముమీది హోదాగుర్తులు భర్తవే కాని భార్యవి కావు. అతనికి జరుగు వందనము అతని వ్యక్తికి కాదు, దేశము అతనికి అప్పగించిన అధికారమునకు. ఈ భేదము నెఱిగిన ఇల్లాలు భర్త హోదాను చూచి గర్వింపదు. అతని దుస్తులను అలంకారముగా కాక బాధ్యతగా చూచును. మేజర్ జనరల్ పదవి వఱకు ఎదిగిన సైనికుని భార్య సావిత్రీబాయి. ఆమె గీచిన పతకమున ఆడంబరము లేకుండుటయే ఈ తెలివికి సాక్ష్యము.

విధి విచిత్రమైనది. మొట్టమొదటి పరమవీర చక్రము ఆమె బంధువునకే లభించెను. ఆమె పెద్ద కుమార్తె భర్తకు అన్నయైన మేజర్ సోమనాథ శర్మ కుమావూన్ దళమునకు చెందినవాడు. హాకీ ఆటలో దెబ్బ తగిలి ఎడమచేతికి కట్టు ఉన్నను అతడు పట్టుబట్టి కాశ్మీరమునకు వెళ్లెను. 1947 నవంబరు 3న బడ్గాం గ్రామమునొద్ద వందలకొలది శత్రువులు అతని చిన్న దళమును చుట్టుముట్టిరి. వారిని అచ్చట ఆపనిచో శ్రీనగర్ విమానాశ్రయము చేజాఱిపోవును. ఆ కట్టుచేతితోనే అతడు తూటాలు నింపి తన సైనికుల కందించుచు గంటలకొలది పోరెను. తుదకు ప్రక్కనున్న మందుగుండు మీద శత్రువుల గుండు పడి ప్రేలుటచే నేలకొరిగెను. అప్పటికి అతని వయస్సు 24 సంవత్సరములు. దధీచిని తలచి ఆమె కల్పించిన పతకము ఆ విధముగా తన దేహము నర్పించినవానికే మొదట చెందెను. ఆమె ఇంటివారికది గౌరవమును, శోకమును కలిసి వచ్చిన దినము.

1952లో ఆమె భర్త విక్రమ్ ఖానోల్కర్ మరణించెను. తన నామమునకు కారణమైన పతివ్రతవలె ఆమె భర్తను తిరిగి తెచ్చుకొనలేకపోయెను. కాని దుఃఖమున మునిగి కూర్చుండలేదు. మృతసైనికుల కుటుంబములకును, దేశవిభజనచే నిలువనీడ కోల్పోయినవారికిని సేవ చేసెను. మహారాష్ట్ర భక్తులను గూర్చి ఒక గ్రంథము రచించెను. చివరి దినములలో రామకృష్ణ మఠము నాశ్రయించి, ఆధ్యాత్మిక చింతనలో కాలము గడపి, 1990 నవంబరు 26వ తేదీన కన్నుమూసెను.

1999 కార్గిల్ యుద్ధము నాటికి పరమవీర చక్రమును పొందినవారు 21 మంది. వారిలో 14 మందికి అది మరణానంతరమే లభించెను. సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబు 2020 జూన్‌లో గల్వాన్ లోయయందు దేశరక్షణలో అసువులు బాసెను. అతనికి ప్రకటింపబడిన మహావీర చక్రమును 2021 నవంబరులో రాష్ట్రపతి చేతినుండి అతని తల్లియు, భార్యయు అందుకొనిరి. ఆ వెండి నక్షత్రమునకు రూపమిచ్చినదియు సావిత్రీబాయియే.

ఏ పతకముపైనను ఆమె పేరు చెక్కబడియుండదు. అందు ఆమెకు స్థానము లేదు. ఎదురుగా నడచిపోవు సైనికుని ఎదమీద రంగుపట్టీలు కనిపించినప్పుడు, వాని వెనుక ఒక వీరుని త్యాగము, ఒక ఇంటి ఓర్పు ఉన్నవని గుర్తించి తలవంచుటయే ఆమెకు మనము చెల్లింపదగిన గౌరవము.