స్ట్రెప్టోకాకస్‌కి ఇంటిపేర్లు పెట్టిన రెబెకా

పుట్టిన బిడ్డ పాలు తాగక మగతగా పడుంటే, ఎగశ్వాస వస్తుంటే మనిళ్లల్లో దిష్టి తీసేస్తారు. డాక్టర్లయితే రక్తం తీసి గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ ఉందేమోనని చూస్తారు. ఈ ‘బి’ ఎవరు పెట్టారా అని వెతికితే నాకు రెబెకా లాన్స్‌ఫీల్డ్ దొరికారు.

1895లో న్యూయార్క్‌లోని స్టేటన్ ఐలాండ్‌లో ఓ సైనికాధికారి ఇంట పుట్టారీవిడ. కాలేజీలో ఇంగ్లీషు, ఫ్రెంచి చదువుదామనుకున్నారట. రూమ్మేటు జువాలజీ పాఠాలు చూసి మనసు అటు మళ్లింది. 1918లో డోనాల్డ్‌ని పెళ్లాడి, ఆ ఏడే రాక్‌ఫెల్లర్ సంస్థలో టెక్నీషియన్‌గా చేరారు.

అప్పట్లో స్ట్రెప్టోకాకస్ అంటే అంతా కలగాపులగం. గొంతునొప్పి తెచ్చేదీ, ఆవుకి పొదుగువాపు తెచ్చేదీ మైక్రోస్కోపులో ఒకేలా పూసల దండల్లా ఉంటాయి. మరెలా విడదీయడం? రెబెకా వాటిని ఆమ్లంలో వేడిచేసి సారం తీసేవారు. దాన్ని కుందేళ్ల రక్తం నుంచి తీసిన సీరంతో కలిపితే, ఆ గుంపుదే అయినప్పుడు తెల్లగా విరిగినట్టు అయ్యేది. అలా 1933లో ఎ, బి, సి అంటూ గుంపులు కట్టారు. ‘బి’ పశువులదని అనుకున్నారు. రెండేళ్లకే, రొనాల్డ్ హేర్‌తో కలిసి పురిటి స్త్రీల నమూనాలు పరీక్షిస్తే వాళ్లలోనూ కనబడింది! పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1970లలో గానీ అది పసిబిడ్డల ప్రాణాలు తీస్తోందని వైద్యలోకం గట్టిగా గుర్తించలేదు.

సుమారు నలుగురైదుగురు తల్లుల్లో ఒకరికి ఈ క్రిమి ఒంట్లో ఉంటుంది. శుభ్రం లేకపోవడం వల్ల కాదు, తల్లికి ఏ బాధా తెలీదు. కాన్పులో బిడ్డకి అంటుతుంది. అమెరికాలో 36, 37 వారాల్లో పరీక్ష చేసి, ఉంటే నొప్పులు మొదలయ్యాక సెలైన్‌లాగా నరంలోకి పెన్సిలిన్ ఎక్కిస్తారు. ముందుగా మాత్రలు మింగితే లాభం లేదు, క్రిమి మళ్లీ వచ్చేస్తుంది. మన దగ్గర ఈ పరీక్ష సంగతి డాక్టరమ్మని మీరే అడగాలి.

ఇంత చేసిన మనిషికి ప్రొఫెసర్ పదవి ఎప్పుడిచ్చారనుకున్నారు? 1958లో, 63 ఏళ్ల వయసులో! నాకైతే ఒళ్లు మండింది. ఆవిడ మాత్రం కూతురు జేన్‌ని పెంచుకుంటూ, ల్యాబు వదల్లేదు. 80 ఏళ్లప్పుడు, 1975లో కూడా గ్రూప్ బి నుంచి ఎలుకల్ని కాపాడే యాంటీబాడీల మీద పరిశోధన అచ్చువేశారు. 1980లో తుంటి ఎముక విరిగేదాకా పనికి వెళ్తూనే ఉన్నారు. 1981 మార్చి 3న కన్నుమూశారు.