మార్లవాయి గురుకులము

కరీంనగరమునుండి ఉత్తరముగా సాగి గోదావరిని దాటిన బాటసారికి, వరిమళ్ళు వెనుకబడి, టేకు వనములు, నల్లరేగడి మిట్టలు ఎదురగును. ఆ మిట్టలమీద, నేటి కుమురం భీం ఆసిఫాబాదు జిల్లా జైనూరు మండలములో, మార్లవాయి అను చిన్న గోండు పల్లె ఉన్నది. ఆ పల్లెలో ప్రక్కప్రక్కన రెండు సమాధులున్నవి. ఏటేట జనవరి 11వ తేదీన గోండులు అచ్చట చేరి, తమ పెద్దలను తలచుకొన్నట్లే ఆ ఇరువురిని తలచుకొందురు. వారు గోండులు కారు. ఈ దేశమువారు కూడ కారు. ఒకరు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్; రెండవవారు ఆయన సహధర్మచారిణి బెట్టీ. ఈ కొండలలోని పిల్లల కొరకు, వారి మాటలోనే చదువు చెప్పు బడులను నెలకొల్పిన దంపతులు వీరు.

హైమన్‌డార్ఫ్ 1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జన్మించినారు. అచ్చటి విశ్వవిద్యాలయములో మానవశాస్త్రము చదివి 1931లో డాక్టరు పట్టము పొందినారు. 1936లో అస్సాము కొండలకు వచ్చి, కొన్యాక్ నాగుల నడుమ నివసించి, వారి జీవితమును గ్రంథస్థము చేసినారు. 1938లో ఆంగ్ల వనిత బెట్టీ బర్నార్డోను వివాహమాడినారు. మరుసటి సంవత్సరము దంపతులు మరల భారతదేశమునకు రాగానే యుద్ధము ఆరంభమైనది. ఆస్ట్రియా అప్పటికే జర్మనీలో కలిసిపోయినందున ఆయన చేత ఉన్నది జర్మను పాస్‌పోర్టు. బ్రిటిషు ప్రభుత్వము దృష్టిలో ఆయన శత్రుదేశీయుడు. హైదరాబాదు సంస్థానపు సరిహద్దు దాటరాదను కట్టడి ఏర్పడినది. ఒకరికి నిర్బంధమైనది మన వనవాసులకు వరమైనది. ఆయన ఆ కాలమును వృథాపుచ్చక, మొదట నల్లమల చెంచులను, పిదప గోదావరి తీరపు కొండరెడ్లను అధ్యయనము చేసి, తుదకు ఆదిలాబాదు గోండుల వద్దకు చేరినారు.

అప్పటి గోండుల స్థితి ఎట్టిది? ఒకనాడు చాందా మొదలగుచోట్ల రాజ్యములేలిన జాతి అది. అడవులను ప్రభుత్వము రక్షితము చేసినకొలది వారి పోడు సాగు నేరమైనది. పశువుల మేతకు పన్ను వచ్చినది. తరతరములుగా దున్నిన నేలమీద వచ్చినవారు పట్టాలు పొందినారు. కాగితములోని వ్రాత ఏమిటో ఎరుగని గోండు వ్రేలిముద్ర వేసి భూమి పోగొట్టుకొన్నాడు. ఈ దుఃఖమే కుమురం భీం తిరుగుబాటై, 1940లో జోడేఘాటు కొండలలో ఆయన వీరమరణముతో ముగిసినది. భీం చాందాలో ఒక ముద్రణాలయములో పనిచేయుచు అక్షరములు నేర్చుకొన్నాడని జనులు చెప్పుకొందురు. తుపాకి చల్లారిన తరువాత, గిరిజనులు ఏల తిరుగబడిరో తెలిసికొనవలెనను బుద్ధి నిజాము ప్రభుత్వమునకు కలిగినది. ఆ పని హైమన్‌డార్ఫ్‌కు అప్పగించబడినది.

ఆయన కచేరీలో కూర్చుండి విచారణ జరుపలేదు. మార్లవాయిలో పూరిపాక వేసికొని దంపతులు కాపురముండినారు. గోండీ నేర్చుకొన్నారు. కీక్రీ మ్రోగించుచు పర్ధానులు పాడు దేవగాథలను ఓపికతో విని వ్రాసికొన్నారు. 1948లో వెలువడిన రాజగోండుల గ్రంథము ఆ శ్రమకు ఫలము. బెట్టీ ఇంటి ఇల్లాలు మాత్రమే కాదు. పరిశోధనలో సగపాలు ఆమెది. ఊరి పటేలు లచ్చు ఆ దంపతులకు ఎంత ఆత్మీయుడనగా, తరువాత పుట్టిన తమ కుమారుడు నికొలస్‌కు లచ్చు పటేలు అను పేరు కూడ పెట్టుకొన్నారు.

నేల, అక్షరము - ఈ రెండును చేతికి రానిదే గోండు నిలువజాలడని హైమన్‌డార్ఫ్ గ్రహించినారు. కాని బడి పెట్టుట ఎట్లు? పంతులు పట్టణమునుండి రావలెను. వచ్చిన పంతులు మన్యపు జ్వరమునకు వెరచి నిలువడు. నిలిచినను పిల్లల మాట ఆయనకు రాదు, ఆయన మాట పిల్లలకు రాదు. అందుచేత ఆయన క్రమమును తలక్రిందులు చేసినారు. బడికంటె ముందు పంతులును తయారుచేయవలెనని నిశ్చయించినారు. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రము వెలసినది. ఎక్కడనో కొద్దిగ మరాఠీ అక్షరములు దిద్దిన గోండు యువకులను వెదకి తెచ్చినారు. ఆ ప్రాంతమున మరాఠీ వాడుకలో ఉండుటచే, గోండీ వాచకములను నాగరి లిపిలో అచ్చొత్తించినారు. శిక్షణ పొందిన యువకులు తమ తమ పల్లెలకు పోయి బడులు తెరచినారు. గోండు పిల్లవాడు తొలిసారిగా తన తల్లి పలికిన పలుకును పుస్తకములో చూచినాడు. ఆ పంతుళ్ళలో కొందరు పిదప ప్రభుత్వ కొలువులలో కుదురుకొన్నారు. కాగితము చదువగల గోండు ఊరిలో ఒక్కడున్నను, మోసగాని పని అంత సులభము కాలేదు.

భాషాబోధకులకు ఈ కథ క్రొత్త కాదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు అంతకు చాల ముందే సవరల భాష నేర్చి, సవర పిల్లల కొరకు బడులు పెట్టి, వారి భాషలో పుస్తకములు కూర్చినారు. తెలుగువానికి వ్యావహారికము కొరకు పోరాడిన చేయే సవరకు వాచకము వ్రాసినది. ఇంటి మాటను బడి గడపవద్ద విడిచి రమ్మనిన, పిల్లవాడు మాటతోపాటు ధైర్యమును కూడ అచ్చటనే విడుచును.

చదువుతోపాటు భూమి పని కూడ సాగినది. రెవెన్యూ సభ్యుడు గ్రిగ్సన్ స్వయముగా గోండులపై గ్రంథము వ్రాసినవాడగుటచే అండగా నిలిచినాడు. వేలాది కుటుంబములకు, లక్ష ఎకరములకు మించిన భూమికి పట్టాలు లభించినవి. 1356 ఫసలీ, అనగా 1946లో, గిరిజన ప్రాంతముల చట్టము వచ్చినది. హైమన్‌డార్ఫ్ ప్రభుత్వమునకు గిరిజన వ్యవహారముల సలహాదారుగను, ఉస్మానియాలో ఆచార్యులుగను ఉండినారు. ఆ జిల్లాలో అధికారిగా పనిచేసిన సేతుమాధవరావు పగ్డీ గోండీ, కొలామీ భాషలు నేర్చి వ్యాకరణములు వ్రాసినారు. కేస్లాపూరు నాగోబా జాతరలో అధికారులు కూర్చుండి గిరిజనుల మొర వినవలెనను దర్బారు ఆచారము కూడ ఆనాటిదే.

అయితే ఈ కార్యమునకు ఒక లోపము లేకపోలేదు. అది పైనుండి దిగివచ్చిన మేలు. భీమును చంపిన ప్రభుత్వమే దానికి పెట్టుబడి పెట్టినది. మనసున్న నలుగురు అధికారులు ఉన్నంతకాలము నిలిచినది. వారు తరలిపోగా సడలినది. హైమన్‌డార్ఫ్ 1951నుండి 1976 వరకు లండనులో ఆచార్యపదవి నిర్వహించి, నేపాలు షెర్పాల చరిత్ర వ్రాసి, 1970లలో ఆదిలాబాదునకు మరల వచ్చి చూచునప్పటికి, పట్టాభూములు ఎన్నో వలసవచ్చినవారి చేతులలో ఉన్నవి. 1956 తరువాత బడిభాష తెలుగు కాగా, గోండీ వాచకములు మరుగుపడినవి. ఆయన ఆ వేదనను దాచుకొనలేదు. 1982లో ప్రకటించిన గ్రంథములో, తాము చేసినది ఎట్లు చెదరినదో లెక్కలతో చెప్పినారు. అంతకు ముందటి సంవత్సరమే, 1981 ఏప్రిలు 20వ తేదీన, ఇంద్రవెల్లిలో భూమి కొరకు గుమిగూడిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపినారు. భీం నాటి ప్రశ్న నలుబది ఏండ్లకును తీరలేదు.

బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాదులో మరణించినది. ఆమెను మార్లవాయికి తీసికొనిపోయి సమాధి చేసినారు. హైమన్‌డార్ఫ్ 1995లో లండనులో కన్నుమూసినారు. 2012లో కుమారుడు నికొలస్ ఆయన అవశేషములను తెచ్చి తల్లి ప్రక్కన ఉంచినాడు. ఎడబాటు తీరినది.

అదే ఆదిలాబాదు మన్యములోని గుంజాల పల్లెలో ఇటీవల గోండీకి సొంత లిపిలో వ్రాసిన పాత ప్రతులు బయల్పడినవి. 2018లో ఆ లిపికి కంప్యూటరు అక్షరమాలలోను చోటు దొరకినది. పిల్లలు దానిని దిద్దుచున్నారు. 1943లో నాగరి అక్షరములతో మొదలైన మార్లవాయి పాఠము ఇంకను ముగియలేదు. దానిని కొనసాగించుట ఇక పరదేశి పని కాదు. గోండు పంతులు పని, ఆ పంతులుకు తావిచ్చు మన పని.